ముప్పై రెండు డిగ్రీలు

సోమవారం పొద్దున తొమ్మిదింపావుకు అంబిక దగ్గర గేట్ పాస్ తీసేసుకున్నారు.

వెంకటేశప్ప అప్పుడు మెషిన్‌లో షాఫ్టు నిలబెడుతున్నాడు. మూరన్నర పొడవుండే ఇనుప కడ్డీ అది. సరుకులు మోసే ఆటోల వెనక చక్రాలను తిప్పేది అదే. దాన్ని రాగి చుట్టు మధ్యలో నిలిపి బటన్ నొక్కితే ఆరు సెకన్లలో పండు మిరపకాయలా ఎర్రబడుతుంది. ఆ వెంటనే నాలుగు వైపుల నుంచీ నీళ్ళు చిమ్మి బుస్సుమంటాయి. అలా చల్లారితేనే కడ్డీ పైపొర గట్టిపడుతుంది. హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలోని ఆ చిన్న ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళుగా అతని పని అదే.

పది అడుగుల అవతల నల్ల తెర కట్టిన గది ఉంది. లోపల ఊదారంగు దీపం కింద ఒక్కో షాఫ్టుకూ పచ్చటి ద్రవం పూసి, పగులుందేమోనని తిప్పి చూడటం అంబిక పని. కాంట్రాక్టు మీద చేరి రెండేళ్ళయింది. సూపర్‌వైజర్ శరవణన్ తెర పక్కకు లాగి బయటికి రమ్మన్నాడు. చీకట్లోంచి వచ్చిన కళ్ళను చికిలిస్తూ ఆమె నిలబడింది. వేళ్ళకు పచ్చ మరకలు అలాగే ఉన్నాయి.

శరవణన్ చేతిలో రెండు ముక్కలైన షాఫ్టు ఉంది.

"ఇది శూళగిరి దిగుడులో విరిగినాది. టమాటా బండి పల్టీ కొట్టి డ్రైవర్ కాలు పోయినాది. క్రిష్ణగిరిలో ఇంగొకటి విరిగినాది. రెండిట్లోనూ పాత పగులు ఉండాదని ఆటో కంపెనీ కస్టమర్ రాసినాడు. నువ్వేం చూసినావమ్మా?"

"చూసినాను సార్. ప్రతి ఒక్కటీ తిప్పి తిప్పి చూసినాను. పగులుంటే నాకు కనపడకుండా పోదు."

"కనపడలేదు కదా మళ్ళ? పాస్ ఇచ్చేసి పో. మిగతాది కాంట్రాక్టర్‌తో మాట్లాడుకో."

అంబిక చుట్టూ చూసింది. లేత్ దగ్గరివాళ్ళు తలలు వంచుకున్నారు. ఆమె చూపు వెంకటేశప్ప మీదికి వచ్చేసరికి అతను బటన్ నొక్కాడు. నీళ్ళు బుస్సుమన్నాయి. ఆవిరి లేచి మధ్యలో నిలిచింది. ఆ ఆవిరి తొలగే లోపల ఆమె గేటు దాకా వెళ్ళిపోయింది.

 అంబిక తప్పు చేసిందో లేదో అతనికి తెలియదు. ఆ కడ్డీలను పాడుచేసింది ఎవరో మాత్రం తనకు తెలుసని అతను అనుకుంటున్నాడు.

నాలుగు నెలల కిందట, జూలైలో, నీళ్ళను చల్లబరిచే చిల్లర్ చెడిపోయి, మేనేజర్ సంతకం పెట్టిన చీటీతో ఆరు రోజులు రిపేరుకు వెళ్ళింది. నీళ్ళు ముప్పై అయిదు డిగ్రీలు దాటితే మెషిన్ ఆపాలని గోడ మీద బోర్డుంది. ఆ ఆరు రోజులూ మెషిన్ ఆగలేదు. నెలాఖరు లోపల సరుకు పోవాలి. మీటర్ నలభై దాటిన మొదటి రోజు అతను శరవణన్‌ను పిలిచి చూపించాడు. శరవణన్ మీటర్ చూశాడు, ఆఫీసు వైపు చూశాడు, "ముప్పై రెండు అని రాసెయ్ వెంకటేశప్పా" అన్నాడు. ఆరు రోజులూ రెండు గంటలకొకసారి అతను రీడింగ్ షీటులో ముప్పై రెండు అని రాసి కింద సంతకం పెట్టాడు. మరీ ఒకే తీరుగా ఉంటే బాగుండదని మధ్యలో రెండు చోట్ల ముప్పై మూడు వేశాడు. షాఫ్టుల గట్టిదనం కొలిచి చూస్తే హద్దులోనే వచ్చింది. అప్పుడు అదే పెద్ద ధైర్యం.

మధ్యాహ్నం భోజనాల వేళ శరవణన్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "జూలై షీట్లు ఉండాయా?"

"ఉండాయి సార్."

"ఉన్నవి ఉన్నట్టే ఉండనీ. ఎవరు అడిగినా ఆ షీటే మాట్లాడాల, మనం కాదు."

వెంకటేశప్ప సంగటి ముద్దలో వేలు పెట్టి, తినలేక డబ్బా మూసేశాడు.

*

మంగళవారం సాయంత్రం క్వాలిటీ ఇంజనీరు త్రివేణి అతని దగ్గరికి వచ్చింది. క్రిష్ణగిరి అమ్మాయి, ఇరవై ఆరేళ్ళుంటాయి. చేతిలో నూనె కాగితంలో చుట్టిన కట్ట ఉంది.

"అన్నా, రేపు బెంగుళూరుకు పోవాల. ఆడ సెంట్రల్ గవర్నమెంటు రీసెర్చ్ సెంటర్ ఉండాది. ఇనుము లోపల ఏం జరిగిందో ఎక్స్‌రేతో చూసే మెషిన్ ఉందంట. మనట్లాంటి ఫ్యాక్టరీలు ఫీజు కట్టి వాడుకోవచ్చు. మామూలుగా అయితే టైము దొరకడానికి మూడు నెలలు ఆగాల. మనిషికి దెబ్బ తగిలిన కేసని రెండు రోజులు ఇచ్చినారు."

"నేనేమిటికమ్మా?"

"మెషిన్ ఎట్ల నడుస్తాదో వాళ్ళు అడిగితే నేను పుస్తకంలో ఉండేది చెప్తాను. చేసేది మీరు కదా."

ఇనుము లోపల చూసే మెషిన్ అన్న మాట ఆ రాత్రంతా అతన్ని వదల్లేదు. షీటు అబద్ధం చెప్పగలదు. ఇనుము చెప్పదేమో.

బుధవారం తెల్లవారుతుండగానే ఉద్దనపల్లిలో ఇంటి ముందర సరుకుల ఆటో వచ్చి ఆగింది. అతని భార్య కెంపమ్మ రాయకోట మార్కెట్‌కు చిక్కుడుకాయల మూటలు వేస్తూ, తానూ వెనకాల ఎక్కి కూర్చుంది. మరో ముగ్గురు ఆడవాళ్ళు అప్పటికే మూటల మీద ఉన్నారు.

"ఈ బండి ఎప్పుడు తీసినావప్పా?" వెంకటేశప్ప డ్రైవర్‌ను అడిగాడు.

"ఆగస్టులో అన్నా. కొత్తదే."

వెంకటేశప్ప వంగి వెనక చక్రం మధ్యలోకి చూశాడు. మట్టి, గ్రీజు తప్ప ఏమీ కనపడలేదు.

"బస్సుకు పోరాదా?" అన్నాడు భార్యతో.

"మూటలు బస్సులో ఎవడు ఎక్కించుకుంటాడు? ఏమైంది నీకు? నిన్నటి నుంచి మొగం తేలేసినావు."

"ఏం లేదు. నిదానంగా పోనీ అప్పా, గుంతలు ఉండాయి."

ఆటో మలుపు తిరిగి శబ్దం వినపడనంత దూరం పోయేవరకు అతను రోడ్డు మీదనే నిలబడ్డాడు. అప్పటిదాకా తన ఉద్యోగం పోతుందనే భయపడ్డాడు. ఇప్పుడు వచ్చిన భయానికి ఉద్యోగంతో పని లేదు. జూలైలో రోజుకు మూడు వందల యాభై చొప్పున ఆరు రోజులు. అవన్నీ ఇప్పుడు ఎక్కడెక్కడ ఏ దిగుడులో తిరుగుతున్నాయో.

*

రీసెర్చ్ సెంటర్ గేటు దగ్గర ఫోన్లు తీసుకుని, పేర్లు రాసుకుని, మెడకు చీటీలు వేశారు. లోపల రోడ్లు శుభ్రంగా, జనం లేకుండా ఉన్నాయి. మెషిన్ ఉన్న గది చల్లగా ఉంది. మందమైన గాజు తలుపు మీద పసుపు రంగు త్రికోణం గుర్తు. తలుపు వెనక ఒక ఉక్కు చెయ్యి, దాని చివర చిన్న గొట్టం.

సైంటిస్టు పేరు శశికళ. యాభై ఏళ్ళ మనిషి, నూలు చీర మీద తెల్ల కోటు వేసుకుంది. వెంకటేశప్ప తలుపు దగ్గరే నిలబడిపోతే, "యాడినుంచి అప్పా? ఉద్దనపల్లా? మాది ముళబాగిలు పక్కన. రా, కుర్చీలో కూర్చో" అంది. తమ వైపు యాస వినగానే అతనికి కొంచెం ఊపిరి ఆడింది.

కట్టలో ఎనిమిది షాఫ్టులున్నాయి. రెండు విరిగినవి, ఆరు కస్టమర్ గోడౌన్ నుంచి తిరిగి వచ్చినవి. వాటి మీద వరస నంబర్లు తప్ప తేదీలు లేవు. శశికళ ఒక్కోదాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఉక్కు చెయ్యి కింద బిగించింది. గొట్టం అటూ ఇటూ ఒరిగి చూస్తుంది. తర్వాత వెంట్రుక మందాన పొర కరిగించి మళ్ళీ చూస్తుంది. ఒక్కో చోటికి పావుగంట.

"ఏం చూస్తా ఉండారమ్మా?" వెంకటేశప్ప అడిగాడు.

"నువ్వు ఎర్రగా కాల్చి చల్లార్చినావు కదా. సరిగ్గా చల్లారితే పైపొర లోపలి వైపు గట్టిగా బిగుసుకుంటాది. ఆ బిగువు ఉన్నంత కాలం పగులు పుట్టదు. బిగువు తక్కువైతే పైకి గట్టిగానే ఉంటాది, బరువు మోసి మోసి కొన్ని నెలలకు పగులు మొదలైతాది. ఆ బిగువు ఎంతుందో కొలుస్తా ఉండాను."

"అంటే ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు పగులు ఉండదా?"

"ఉండదు. బండి కింద తిరిగినాక పుడతాది."

వెంకటేశప్ప తల దించుకున్నాడు. తెర దగ్గర కళ్ళు చికిలించి నిలబడిన అంబిక గుర్తుకొచ్చింది. లేని పగులును ఆమె ఎలా చూస్తుంది?

గురువారం మధ్యాహ్నానికి ఎనిమిదీ అయిపోయాయి. కంప్యూటర్ తెర మీద ఎనిమిది గీతలు. నాలుగు కిందికి దిగి ఉన్నాయి, బిగువు ఎక్కువున్న మంచివి అవేనట. విరిగిన రెండూ, వాటితో పాటు మరో రెండూ పైన సున్నా దగ్గరే వేలాడుతున్నాయి.

"ఈ నాలుగింట్లో బిగువు లేదు," అంది శశికళ. "మామూలుగా ఇది నీళ్ళు వేడెక్కితే అయితాది. నీళ్ళ టెంపరేచర్ చెప్పండి."

త్రివేణి ఫైలు తీసింది. వెంకటేశప్పకు తన సంతకాలు దూరం నుంచే కనపడ్డాయి.

"జూన్ ముప్పై ఒకటి, ముప్పై రెండు. జూలై ముప్పై రెండు, ముప్పై రెండు, ముప్పై మూడు..." త్రివేణి కాగితాలు తిప్పుతూ పోయింది. "ఎప్పుడూ హద్దు దాటలేదు మేడమ్."

శశికళ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అట్లయితే నీళ్ళు కాదు. ఇంగ మిగిలింది ఇనుము. ఇనుములోనే తేడా ఉంటే ఎనిమిది ముక్కలు చూసి ఏది మంచిదో ఏది చెడ్డదో చెప్పలేను. ఆ ఇనుముతో చేసినవన్నీ అనుమానమే. కారణం తేలేవరకు అన్నీ వెనక్కి తెప్పించమని రాయాల."

"ఆ ఇనుము మే నుంచి వాడుతున్నాము మేడమ్. యాభై వేలు." అంది త్రివేణి. "అన్నీ వెనక్కి అంటే మా ఫ్యాక్టరీ ఉండదు. కస్టమర్ వేరే వాళ్ళ దగ్గరికి పోతాడు. నూట నలభై మందిమి."

"నేను ఉండేదే రాయాల కదమ్మా. తేలేదానికి ఎంత లేదన్నా రెండు నెలలు పడతాది."

రెండు నెలలు. నిన్న తెల్లవారుజామున మూటల మీద కూర్చున్న నలుగురు ఆడవాళ్ళు వెంకటేశప్ప కళ్ళ ముందు కదిలారు. ఆ ఆటోలో ఉన్నది ఏ రోజు షాఫ్టో. ఊరుకుంటే తప్పు ఇనుము మీదికి పోతుంది. ఇనుమును ఎవరూ గేటు బయటికి పంపరు. అతని సంతకం జోలికి ఎవరూ రారు. ఊరుకోవడం ఎంత సులభమో అతనికి ఆ క్షణంలో తెలిసింది. 

"అమ్మా," అన్నాడు.  లేచి నిలబడ్డాడు. "ఆ షీటు అబద్ధం."

త్రివేణి తలెత్తి చూసింది.

"జూలై ఎనిమిది నుంచి పదమూడు వరకు చిల్లర్ లేదు. నీళ్ళు కాగి ఉండినాయి. ముప్పై రెండు అని రాసినది నేనే."

 తిడతారని అతను ఎదురుచూశాడు. శశికళ కాగితం, పెన్ను ముందుకు లాక్కుంది.

"ఎంత ఉండినాయో గుర్తుందా?"

"ఉండాది. భయపడి రాసినాను కదమ్మా, మరిచిపోలే. ఎనిమిదో తేదీ పొద్దున నలబై ఒకటి. తొమ్మిది మధ్యాహ్నం నలబై ఆరు. పది, పదకొండు నలబై ఏడు. పన్నెండో తేదీ అన్నిటికన్నా ఎక్కువ, యాభై రెండు. ఆ పొద్దు ట్యాంకు మీద చెయ్యి పెట్టలేకపోయినాను. పదమూడు సాయంత్రం చిల్లర్ వచ్చినాది."

"త్రివేణీ, ఏ నంబరు ఏ రోజుదో నీ దగ్గర ఉందా?"

త్రివేణి రిజిస్టర్ తిప్పింది. విరిగినవాటిలో పదో తేదీది ఒకటి, పన్నెండో తేదీది ఒకటి. మిగతా చెడ్డవి రెండూ తొమ్మిది, పదకొండు తేదీలవి. మంచివి నాలుగూ ఆ ఆరు రోజులకు బయటివి. శశికళ తెర మీది గీతల్ని పెన్నుతో ఒక్కొక్కటే చూపించింది. తొమ్మిదో తేదీది కొంచెం కిందికి ఉంది. పది, పదకొండు ఒకదాని పక్కన ఒకటి. అన్నిటికంటే పైన, సున్నాను తాకుతూ, పన్నెండో తేదీది.

"నువ్వు చెప్పిన వరసే," అంది ఆమె. "ఏ గీత ఏ రోజుదో నీకు తెలియదు, తెర చూసినా తెలిసేది కాదు. ఇంగ ఇనుము మీద అనుమానం లేదు. నంబర్లు చూసి ఆ ఆరు రోజులవి మటుకు తెప్పిస్తే చాలు. రెండు వేల నూరు. ఈ సాయంత్రమే రాసిస్తాను."

త్రివేణి కుర్చీలో కూలబడి మొహం చేతుల్లో పెట్టుకుంది. తర్వాత తలెత్తి అడిగింది. "మేడమ్, ఫ్యాక్టరీలో చెక్ చేసినప్పుడు పగులు ఉండలేదని కూడా రిపోర్టులో రాస్తారా? దాని మీద ఒక అమ్మాయిని తీసేసినారు."

శశికళ వెంకటేశప్ప వైపు చూసింది. అతను ఆ చూపును తప్పించుకోలేదు.

"రాస్తాను," అంది.

హోసూరు బస్సు అత్తిబెలె దాటింది. "సోమవారమే చెప్పి ఉంటే?" అంది త్రివేణి.

"భయమమ్మా."

"ఇప్పుడు లేదా?"

"ఎక్కువైనాది."

*

శుక్రవారం మేనేజర్ యతీశ్ గదిలో అతనితో పాటు వెంకటేశప్ప, శరవణన్, త్రివేణి ఉన్నారు. రిపోర్టు బల్ల మీద ఉంది. కస్టమర్ ఒప్పుకున్నాడు. రెండు వేల నూరు షాఫ్టుల నంబర్లు అన్ని డీలర్లకూ వెళ్ళిపోయాయి, మార్చడం మొదలైంది. ఫ్యాక్టరీ ఆగదు. అది చెప్తున్నప్పుడు యతీశ్ మొహంలోంచి నాలుగు రోజుల అలసట దిగిపోయింది. తర్వాత అతను ఇంకో కాగితం ముందుకు తోశాడు.

"తప్పుడు రీడింగ్ రాసినావు. ఒప్పుకున్నావు. పదిహేను దినాలు సస్పెన్షన్. ఎవరూ చెప్పకుండా నువ్వే రాసినావని సంతకం పెట్టు."

వెంకటేశప్ప శరవణన్ వైపు చూశాడు. శరవణన్ చొక్కా బొత్తాం పట్టుకుని తిప్పుతున్నాడు. అతని పెదవుల చుట్టూ రంగు పోయింది. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, వెంకటేశప్పకు తెలుసు.

"రాసింది నేను సార్," అన్నాడు.  "రాయమని శరవణన్ సార్ చెప్పినాడు. మెషిన్ ఆపద్దని ఆయనకు మీరు చెప్పినారు. చిల్లర్ పోయినాదని ఇచ్చిన చీటీ మీద మీ సంతకం ఉండాది. అన్నీ రాయండి, నేను సంతకం పెడతాను. ఒకటి రాసి ఇంగొకటి విడిస్తే పెట్టను. అట్ల ఒకసారి పెట్టినాను కదా."

శరవణన్ బొత్తాం వదిలేశాడు. "అవును సార్," అన్నాడు చాలా మెల్లగా. "నేను చెప్పినాను."

యతీశ్ ఎవరినీ చూడలేదు. ఆ కాగితాన్ని వెనక్కి లాక్కుని సొరుగులో పెట్టాడు.  చివరికి, "అంబికను రమ్మని కాంట్రాక్టర్‌కు చెప్పండి" అన్నాడు.

"కాంట్రాక్టర్ కాదు సార్," అన్నాడు వెంకటేశప్ప. "నేను పోయి చెప్తాను."

సస్పెన్షన్ మాత్రం తప్పలేదు. సాయంత్రం కొత్త కాగితం వచ్చింది. అతనికీ, శరవణన్‌కూ పదిహేనేసి రోజులు. చిల్లర్ చీటీ సంగతి అందులో లేదు. ఆ చీటీని కస్టమర్ దగ్గర ఎవరికి పంపాలో తనకు తెలుసని త్రివేణి అంది. వెంకటేశప్ప తన కాగితం మీద అడుగున ఆ సంగతి తన చేత్తో రాసి, తర్వాతే సంతకం పెట్టాడు.

*

ఆదివారం పొద్దున ఉద్దనపల్లి అవతలి వీధిలో అంబిక ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె అప్పుడే గులాబీ తోటలో పని ముగించుకుని వచ్చినట్టుంది. ముంజేతుల నిండా ముళ్ళ గీతలు. అతన్ని చూసి చేటలోని రాగులు పక్కన పెట్టి లేచింది. కూర్చోమనలేదు.

నిలబడే చెప్పాడు. చిల్లర్ గురించి, ముప్పై రెండు గురించి, బెంగుళూరు గురించి, ఆమెను మళ్ళీ పనికి రమ్మన్నారని.  అంతా అయ్యాక ఆమె అడిగింది.

"సోమవారం నన్ను పంపించినప్పుడు ఇదంతా నీకు తెలుసా అన్నా?"

తెలియదు అనడానికి దారి ఉంది. ఇనుము లోపలి సంగతి నిజంగానే అప్పుడు తెలియదు.

"నీళ్ళ సంగతి తెలుసు," అన్నాడు. "నా మీదికి వస్తుందని నోరు మూసుకున్నాను."

అంబిక గోడకు ఆనుకుంది. "ఉద్యోగం పోతే పోయినాది. తోటలో పని దొరికినాది. ఆ డ్రైవర్ కాలు నేనే తీసేసినాననుకున్నాను. ఆరు దినాలుగా కండ్లు మూసుకుంటే ఊదా దీపం కింద షాఫ్టు తిప్పతానే ఉండాను. ఎక్కడ విడిచినాను, ఏ మూల చూడలేదు అని. నిన్న మా అమ్మతో చెప్పినాను, నా కండ్లు పోయినాయేమో, డాక్టర్ దగ్గరికి పోదామని."

 వెంకటేశప్ప వారం అంతా తాను పడిన భయాన్నే కొలుచుకుంటూ వచ్చాడు. ఈ భయాన్ని తానే పుట్టించి, ఈ ఇంట్లో వదిలిపెట్టాడని అప్పటిదాకా అతనికి తట్టలేదు.

"పగులు అప్పుడు లేదా?" అంది ఆమె.

"లేదమ్మా."

"నేను చూసినప్పుడు లేదా?"

"లేదు. నువ్వు చూసినది సరిగ్గానే చూసినావు. సర్కారు మెషిన్ మీద తేలి కాగితంలో రాసినారు. నీ కండ్లకేం కాలేదు."

 ఆమె పనికి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. తర్వాత ఇంట్లోకి తిరిగి, "అమ్మా, ఒకసారి ఈడికి రా" అని పిలిచింది.

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముసలామె గడపలోకి వచ్చింది. పక్కింటి మంజులమ్మ కూడా గోడ మీదుగా తొంగి చూసింది.

"చెప్పన్నా," అంది అంబిక. "మొదటి నుంచి చెప్పు. నీకు తెలిసీ చెప్పలేదన్నది కూడా విడవకుండా చెప్పు."

వెంకటేశప్ప చెప్పులు విడిచి, వాకిట్లో ముందుకు జరిగి, జూలై ఎనిమిదో తేదీ దగ్గర మొదలుపెట్టాడు.